ఏడు పెట్టెలు

లారీలోంచి ఏడు చెక్కపెట్టెలు దించి చావిడి అరుగు మీద వరసగా పేర్చేసరికి హొసగేరిలో సగం ఊరు అక్కడికి చేరింది. తక్కిన సగం ఏటవతల పనికి పోయింది కాబట్టి రాలేదు, లేకుంటే అదీ వచ్చేదే. కొత్త చెక్క, కొత్త మేకులు, ఒక్కొక్కటి గజం పొడుగు. లోపల ఏముందోనని ముసలాళ్లు కూడా మెడలు చాచారు. లోపల ఏమీ లేదు. అవి నింపుకుని పోవడానికి వచ్చిన పెట్టెలు.

వాటిని తెచ్చిన మనిషి పేరు ప్రకాశం. నంద్యాల మిషను బడిలో చదువుకుని, పట్టాళంలో చేరి, బర్మా దాకా పోయి ప్రాణాలతో తిరిగొచ్చినవాడు. ఇప్పుడు మద్రాసులో యుద్ధ సమాధుల ఆఫీసులో ఉద్యోగం. యుద్ధంలో పోయిన సిపాయిలను ఏ మారుమూల పూడ్చారో వెతికి, ఎముకలు తీసి, మద్రాసులో కొత్తగా కట్టిన సమాధుల తోటకు చేర్చడం ఆయన పని. ఉగాది దాటి ఇరవై రోజులైంది, ఎండ మాడ్చేస్తోంది. అయినా ఆయన ఖాకీ చొక్కా పై గుండీ కూడా విప్పకుండా నిలబడి, కాగితం చూస్తూ ఊరందరికీ వినబడేలా చెప్పాడు.

"పదేండ్ల కింద మీ నక్కలగుట్టకు కొట్టుకొని ఒక బాంబుల విమానం కాలిపోయింది గదా. దాంట్లో ఏడు మంది. వాళ్లేమన్నా మామూలు మనుషులనుకుంటిరా? ముప్పై సార్లు శత్రువు మీదికి పోయి, నిప్పుల్లోంచి వెనక్కి వచ్చినోళ్లు. ఏడు మందిలో నలుగురికి పతకాలుండాయి. పైలటుకైతే రెండు. అన్ని చోట్ల బతికి, ఆఖరికి వాన మబ్బులో గుట్ట కనపడక మీ ఊళ్లో పోయినారు. వాళ్లను మర్యాదగా తీసుకుపోవాల. తవ్వేదానికి ఆరు మంది మగోళ్లు, మన్ను మోసేదానికి నలుగురు ఆడోళ్లు కావాల."

"అదంతా నేను చూసుకుంటా సారూ," అన్నాడు మునసబు బొజ్జన్నగౌడు. "నా మనుషులు తవ్వుతారు. ఏడు మందిని లెక్కపెట్టి నీ పెట్టెల్లో పెట్టిస్తా. నువ్వు మా ఇంట్లో సల్లగా కూచో."

ఊళ్లో ఏ పనికి ఎవరు పోవాలో చెప్పేది గౌడే. ఆరుగురు మగవాళ్ల పేర్లు చెప్పాడు, నలుగురు ఆడవాళ్ల పేర్లు చెప్పాడు. ఎవరూ ఎదురు చెప్పలేదు.

"గంప నాకూ ఉండాది సారూ," అంటూ మహాదేవమ్మ జనాన్ని తోసుకుని ముందుకొచ్చింది. ముప్పై నాలుగేళ్ల మనిషి, గట్టి ఎముక. రోడ్డు పనైనా, బావి పనైనా ఆమె మోసినన్ని గంపలు మగవాళ్లు కూడా మోయరని మేస్త్రీలే ఒప్పుకుంటారు.

"నువ్వొద్దులే మాదేవీ," అన్నాడు గౌడు.

"ఏంటికొద్దు?"

గౌడు జవాబు చెప్పే లోపల అంగడి శేషన్న అందుకున్నాడు. ఇలాంటి సమయంలో ఆయన నోరు ఊరుకోదు. "వాళ్లాయన బసన్నే సారూ, ఆ విమానంలో పిస్తోలు ఎత్తుకొని ఏరు దాటి నైజాంలోకి పారిపోయిండేది. ఇంకేమన్నా మిగిలిందేమోనని పెండ్లాము సూసొస్తాదంట."

జనం నవ్వారు. ఆ నవ్వు మహాదేవమ్మకు కొత్త కాదు. తుంగభద్ర అవతలి గట్టు అప్పట్లో నైజాం సీమ. ఇవతల తప్పు చేసినవాడు ఏరు దాటాడంటే పోలీసులకు అందడు, అందుకే ఆ మాట ఊరి నోట అంత సులువుగా నిలిచిపోయింది.

"దాటేది సూసినోళ్లు ఎవురన్నా ఉంటే ముందుకు రాండి," అంది ఆమె శేషన్నను సూటిగా చూస్తూ. "శ్రావణమాసం. ఏరు రెండు గట్లూ ఒరుసుకొని పారతాండె. పుట్టి గూడా దిగని ఏటిని మా ఆయన పిస్తోలు పట్టుకొని ఈదినాడా? పదేండ్ల నుంచి అడుగుతాండా. ఒగడు ముందుకు రాల్యా."

ప్రకాశం కాగితాల కట్ట తిరగేశాడు. కింద ఒక పాత పోలీసు కాగితం ఉంది, ఆదోని తాలూకా ఇంకా బళ్లారి జిల్లాలో ఉన్నప్పటిది. పైలటు రివాల్వరు ఒకటి కనపడలేదు. బసన్న అనే రైతు తీసుకుని పరారైనట్టు గ్రామ మునసబు వాఙ్మూలం. ఆయన అది చదివి గౌడు వంక చూశాడు. గౌడు చుట్ట ఆరిపోయిందేమోనని చూసుకుంటున్నాడు.

"మన్ను మోసేదానికి ఇవన్నీ ఎందుకు?" అని ప్రకాశం కట్ట మూసేశాడు. "ఐదో గంప నీది. పొద్దున్నే గుట్ట కాడికి రామ్మా."

ఇంటికి పోయేసరికి ఆడబిడ్డ ఈరక్కకు సంగతి ముందే చేరింది. ఈరక్క బసన్నకు అక్క. మొగుడు పోయి పుట్టింటికి వచ్చేసిన మనిషి, తమ్ముణ్ణి చంకనేసుకుని పెంచింది. పొయ్యి రాజేసి, అటు తిరిగి కూర్చుని ఉంది. మహాదేవమ్మ చేతులు కడుక్కుని జొన్నపిండి పిసికి రొట్టె తట్టడం మొదలుపెట్టింది.

"పోవద్దు మాదేవీ," అంది ఈరక్క. "సచ్చినోళ్ల గుంత. తవ్వితే ఏమొస్తాదో ఏమో."

"ఏదొస్తే అది."

"నా తమ్ముడు ఆడ లేడు. వాడు ఏరు దాటినాడు. రాయచూరు కాడ నూనె మిల్లులో సూసినామని గొర్రెలోళ్లు సెప్పలా?"

"ఒగసారి గడ్డముండాదన్యారు, ఒగసారి ల్యాదన్యారు. ఆ మాట సెప్తే నువ్వు సేరు జొన్నలు పెడ్తావని తెల్సు వాళ్లకు. వాళ్లు సూసేది నీ జొన్నల గంపను వొదినా, నీ తమ్ముని కాదు."

ఈరక్క కొంగుతో ముక్కు తుడుచుకుంది. "దొంగయితేనేం? యాడో ఒగ సోట ఇంత ముద్ద తింటాంటే నాకు సాలు."

"నాకు సాలదు," అంటూ మహాదేవమ్మ రొట్టెను పెనం మీదికి వేసి, పైన తడిచెయ్యి పూసింది. "గుంటక తోల్తాన్న మనిషి ఎద్దుల్ని ఇడ్సిపెట్టి పొగలోకి పరిగెత్తినాడు. ఎదురుసేన్లో రామలక్ష్మమ్మ కండ్లారా సూసింది. ఎద్దులు గుంటకను ఈడ్సుకుంటా వాటంతట అవే ఇంటికొచ్చె. దొంగతనానికి పోయేటోడు ఎద్దుల్ని కట్టేసి పోతాడు. కాల్తాన్న మనుషుల్ని లాగేదానికి పొయ్యి ఆయప్ప ఆ మంటల్లోనే బూడిదైనాడు. సచ్చిన మనిషిని దొంగంటాంటే ఇంటా కూకోమంటావా?"

ఈ వాదన ఆమె వెయ్యిసార్లు చేసింది. మునసబు ముందు చేసింది, ఆదోని పోలీసు ఠాణా మెట్ల మీద చేసింది, మఠంలో జంగమయ్య ముందు చేసింది. వాళ్లు లింగం కట్టుకునే కుటుంబం. సోమవారం సోమవారం జంగమయ్య గంట వాయిస్తూ భిక్షకు వస్తాడు. పదేళ్లుగా ఈ గడప దగ్గర గంట ఆపి, మొహం అవతలికి తిప్పుకుని పక్కింటికి పోతున్నాడు. ఊరు నవ్వితే ఆమె ఎదురు తిరిగి నవ్వగలదు గానీ ఆ గంట ఆగడం మాత్రం ఆమెకు పట్టరాని కోపం తెప్పిస్తుంది. ఆ గంట తన గడప ముందు మోగాలి, తన మొగుడి పేరు మీద దొంగ అన్న మాట పోవాలి. ఆమెకు కావలసింది అదొక్కటే. రొట్టె పొంగింది. తీసి ఈరక్క పళ్లెంలో వేసి, ఇంకో ముద్ద తీసుకుంది.

నక్కలగుట్ట మీద మట్టి తక్కువ, మొరం ఎక్కువ. గడ్డపార దిగితే నిప్పురవ్వలు లేస్తాయి. ఆనాడు మిలిటరీవాళ్లు పాతిన కొయ్య సిలువను చెదలు తినేసి, మొదలు మాత్రం మిగిలింది. చోటు చూపించడానికి గౌడు తలారి కంబన్నను పిలిపించాడు. పదేళ్ల కిందట ఆ గుంత తవ్వింది అతనే. అరవై దాటిన మనిషి, చేతి కర్రతో నేల మీద గీత గీసి, దూరంగా పోయి బండ మీద కూర్చున్నాడు. గుంత వైపు చూడడం లేదని మహాదేవమ్మ ఒకటి రెండు సార్లు గమనించింది గానీ, ముసలితనం అనుకుంది.

మగవాళ్లు తవ్వుతుంటే ఆడవాళ్లు గంపలకెత్తి గట్టు మీద పోశారు. మహాదేవమ్మ నడకలో తొందర ఉండదు, ఆగడమూ ఉండదు. చుట్టకుదురు సరిచేసుకోవడం, వంగడం, గంప మోకాలి మీదికి, అక్కడినుంచి తలమీదికి. నడుంలోతు వచ్చాక ప్రకాశం గడ్డపారలన్నీ పైకి పారేయించాడు. తనే బూట్లు విప్పి గుంతలోకి దిగి, తాపీతో, తర్వాత చేత్తో మట్టి తియ్యసాగాడు. మొదటి పుర్రె కనిపించగానే టోపీ తీసి గట్టు మీద పెట్టాడు. ఆ తర్వాత అంత ఎండలోనూ దాన్ని మళ్లీ పెట్టుకోలేదు.

ఏడుగురూ పక్కపక్కన ఉన్నారు. తలలు దక్షిణానికి. దొరలని చూడకుండా ఊళ్లో మనిషిని పండబెట్టినట్టే పండబెట్టారు. ఎముకలు కొన్ని నల్లగా కాలి ఉన్నాయి. ఎవరు ఎవరో చెప్పడం కష్టమని ప్రకాశం అన్నాడు. ఒక్కొక్కరిని తెల్లగుడ్డలోకి తీసి, పెట్టెలో ఉంచి, కాగితంలోని పేరు ఒకటి గట్టిగా చదివేవాడు. పతకం ఉన్నవాడైతే అది కూడా చదివేవాడు. మూడో మనిషి నడుము దగ్గర చెయ్యి పెట్టి ఆగిపోయాడు. మాడి గట్టిపడిన తోలు ముద్ద ఒకటి బయటికి వచ్చింది. దాన్ని చీలిస్తే లోపల తుప్పు పట్టిన రివాల్వరు.

ప్రకాశం దాన్ని మోకాలి మీద పెట్టుకుని, చాకుతో గీకి, నంబరు చదివి, కట్టలోని పోలీసు కాగితం అడుగు నుంచి తీసి పోల్చాడు. రెండుసార్లు పోల్చాడు.

"పోయిందని రాసిన రివాల్వరు ఇదే. మునసబు గారూ, ఇది పోలేదు. పైలటు నడుముకే ఉండాది."

మహాదేవమ్మ తలమీది గంపను దించి కింద పెట్టింది.

"పూడ్చేటప్పుడు ఎతకల్యా మీరు?" అని ప్రకాశం కంబన్నను అడిగాడు.

"సచ్చినోళ్ల ఒంటి మీద సెయ్యేసి ఎతుకుతామా సారూ?" కంబన్న బండ మీదినుంచి లేచాడు. "పొద్దు గుంకక ముందే మన్ను కప్పల్ల. ఎట్లున్నోళ్లను అట్లనే దించినాం."

దిక్కులేని శవాన్నైనా చీకటి పడేదాకా బయట ఉంచరు ఆ సీమలో. చచ్చినవాడి మొలలో ఉన్నదాన్ని తాకరు. ఊరు ఆనాడు మర్యాద చేసింది. సాయంత్రానికి లారీల్లో వచ్చిన మిలిటరీవాళ్లకు ఆ మర్యాద అర్థం కాక దొంగ ఎవడని అడిగారు. ఎత్తుకుపోని వస్తువుకు దొంగ కావలసి వచ్చాడు.

మొదట తేరుకున్నది గౌడే. "మంచిదే అయ్యింది," అన్నాడు పెద్దరికంగా. "బసన్న దొంగ కాదు. నలుగురి ముందర ఒప్పుకుంటాండా. ఆనాడు వాడు ఊళ్లో కనపడకపాయ, పిస్తోలూ కనపడకపాయ, రెండూ ఒగటే అనుకుంటి. పెండ్లాన్ని ఇడ్సి వాడు ఏంటికి పోయినాడో వాడికే తెలియల్ల."

జనం తల ఊపారు. దొంగ కాదు, ఊరికే పోయాడు. ఇంతసేపూ ఆమెను దొంగ పెండ్లాంగా చూసిన కళ్లు ఇప్పుడు మొగుడు వదిలేసిన దానిగా చూశాయి. గంపలు మోసే ఆడవాళ్లలో ఒకామె నాలుక చప్పరించి జాలిపడింది. ఆ జాలి కంటే శేషన్న ఎగతాళే నయమనిపించింది మహాదేవమ్మకు. ఆమె గుంతలోకి దిగి, అడుగున మిగిలిన మట్టి ఎత్తసాగింది.

ఏడో పెట్టె నిండింది. ప్రకాశం చేతులు కడుక్కుంటున్నాడు. తూర్పు వైపు గోడ దగ్గర మట్టి ఊడుస్తున్న మహాదేవమ్మ కాలు ఆగింది. తవ్వని మొరం పాదం కింద బండలా ఉంటుంది. ఒకసారి తవ్వి పూడ్చింది పదేళ్లయినా, ఇరవై ఏళ్లయినా మళ్లీ అంత గట్టిపడదు. కూలికి మన్ను మోసే వాళ్లకు ఇది ఎవరూ చెప్పక్కర్లేదు. ఆమె గట్టు మీది గడ్డపార అందుకుని గోడలోకి పొడిచింది. మూరెడు దిగింది.

"సారూ, గుంత ఈడికి అయిపోలే. ఈ పక్క గూడా తవ్వి పూడ్సినారు."

"నా ఏడు మంది నాకు దొరికినారమ్మా," అన్నాడు ప్రకాశం. "పెట్టెలన్నీ నిండినాయి."

"నీయి నిండినాయి."

"పొద్దు గుంకతాంది, పూడ్సేయండ్రా," అని గౌడు కేకేశాడు. ఆ కేకలో అవసరానికి మించిన తొందర ఉంది. అది ప్రకాశం చెవికి కూడా తగిలినట్టుంది. కాసేపు గుంతను, కాసేపు గౌడును చూశాడు.

"నా లారీ పొద్దున పదింటికి పోతాది," అన్నాడు. "అందాకా పూడ్చొద్దండి."

తెల్లవారేసరికి మహాదేవమ్మ గుట్ట మీద ఉంది. రావద్దన్న ఈరక్క కూడా వెనకే వచ్చి, కొంగు నెత్తిన కప్పుకుని దూరంగా రాయి మీద కూర్చుంది. మహాదేవమ్మ చీర కుచ్చిళ్లు దోపుకుని గడ్డపార ఎత్తింది. రెండో పోటు వెయ్యబోతుంటే వెనకనుంచి ఒక చెయ్యి వచ్చి గడ్డపారను పట్టుకుంది.

"అట్ల పొడవద్దు," అన్నాడు కంబన్న. "పైనుంచి మెల్లగా తియ్యి. తలకు తగుల్తాది."

ఆమె అతని మొహంలోకి చూసింది. అతను చూపు తిప్పుకోలేదు. పదేళ్లుగా తనకు ఎదురైనప్పుడల్లా ఈ మనిషి సందు మారి ఎందుకు పోతాడో అప్పుడు తెలిసింది. అడగవలసినవి నోటి దాకా వచ్చాయి గానీ, అడిగితే చేతులు ఆగిపోతాయని భయం వేసింది. ఇద్దరూ వంగి చేతులతో మొరం తీయడం మొదలుపెట్టారు.

పొద్దు బారెడు ఎక్కేసరికి గౌడు, ప్రకాశం, వెనక ఊరు వచ్చారు. అప్పటికి అతను కనిపిస్తున్నాడు. పెద్ద గుంతను ఆనుకుని ఇంకో ఇరుకు గుంత, అందులో ఒక మనిషి బాసింపట్టు వేసి కూర్చుని ఉన్నాడు. మొహం ఉత్తరానికి. వీపుకు ఆనుడుగా ఒక రాయి. ఎడమచేతి ఎముకల్లో గోలీ అంత నల్లటి లింగం.

ఈరక్క పెట్టిన కేకకు గుట్ట కింద గొర్రెలు బెదిరాయి.

"ఇది పాత సమాధి సారూ," అన్నాడు గౌడు వెంటనే. నిన్న నిద్ర పట్టక తయారు చేసుకున్న మాట కావచ్చు, చాలా నున్నగా వచ్చింది. "లింగవంతుల్ని కూకోబెట్టే పూడుస్తారు. మా తాతలనాడు ఈ గుట్ట మీద జంగమయ్య ఒగాయన తపస్సు సేసినాడని సెప్తారు. ఆయప్పదే ఉంటాది. విమానానికీ దీనికీ ఏం సంబంధం ల్యా. పాపం, మూసేద్దాం."

ప్రకాశానికి ఆ మాట నచ్చినట్టే ఉంది. ఆయన కాగితంలో ఏడు, పెట్టెలు ఏడు. ఎనిమిదో మనిషి ఎప్పటివాడో అయితే ఎవరికీ ఇబ్బంది లేదు. లింగం చూసి ఫలానావాడిదని చెప్పడానికి లేదు, అందరివీ ఒకటే తీరు. ఊళ్లోవాళ్లు కొందరు ఆ కూర్చున్న మనిషికి చేతులు కూడా జోడించారు.

మహాదేవమ్మ గుంతలోనే ఉంది. మోకాళ్ల మీద వంగి, కూర్చున్న మనిషి కింది మట్టిని వేళ్లతో తోడింది. చేతికి రాయి కాని చల్లదనం ఏదో తగిలింది. కొంగుతో తుడిచింది. పదేళ్లు నేలలో ఉన్నా తుప్పు పట్టని తెల్లటి రేకు, అంచున వరసగా రివెట్లు. దాన్ని ఎవరికీ కొత్తగా చూపించాల్సిన పని లేదు. ఆ విమానం రేకుతో చేసిన చేటలు, కుండ మూతలు ఊళ్లో ఇంటికొకటి ఉన్నాయి. శేషన్న అంగడి త్రాసు పళ్లేలు కూడా అవే.

"గౌడా," అంది ఆమె తల ఎత్తి. గొంతు పెంచలేదు. "మీ తాతలనాటి జంగమయ్య పొయ్యి పొయ్యి విమానం రెక్క మీద యాట్ల కూసున్యాడు?"

ప్రకాశం గుంతలోకి దిగి రేకును తడిమి చూసి, పైకి చూశాడు. గౌడు వైపు కాదు, కంబన్న వైపు.

"నేనే ఏసినా సారూ," అన్నాడు కంబన్న. నిలబడి ఉన్నవాడు కూలబడి, రెండు చేతులూ మోకాళ్ల మీద పెట్టుకున్నాడు. "నేనూ గౌడూ వచ్చేటాలికి మంటలు తగ్గినాయి. బసన్న ఒగాయన్ను సంకల కింద పట్టుకొని ఈ బండ దాకా ఈడ్సుకొచ్చినాడు. ఇద్దరూ ఈడనే సచ్చి పడిండిరి. ఏదో పేలినట్టుండాది, ఈపంతా సీలిపాయ. అందర్నీ ఒగే గుంతలో ఎయ్యి, సందకాడ ఇంటికి పొయ్యి సెప్దామని గౌడు అన్యాడు. ఏడుగుర్ని పండబెట్టినా. బసన్నను పండబెట్టేదానికి సేతులు రాల్యా. వాళ్లోళ్లను కూకోబెట్టల్ల గదా. పీట ల్యాకపాయ. రెక్క ముక్క ఉంటే ఏసినా. లింగం సేతిలో పెట్టినా. అంతలో లారీలొచ్చె."

"వచ్చి?" అన్నాడు ప్రకాశం.

ఈసారి జవాబు గౌడు చెప్పాడు. మనిషి ఒక్కసారిగా చిన్నబోయాడు. "పిస్తోలు తియ్యకపోతే ఊరంతా కట్టేసుకుపోతామన్యారు. తుపాకులు చూపిచ్చినారు. సచ్చినోని మీద పెడితే బతికినోళ్లు మిగుల్తారనుకుంటి. సచ్చినోడికి నొప్పేముండాదిలే అనుకుంటి. తర్వాత ఆ మాట ఎనక్కి తీసుకునేదానికి దావ ల్యాకపాయ."

"నొప్పి నాకుండె గౌడా," అంది మహాదేవమ్మ. "నేను బతికే ఉంటి గదా."

ఆయన తల దించుకున్నాడు. ఊరి మునసబు తల దించుకోవడం హొసగేరి అంతకుముందు చూడలేదు.

జంగమయ్యను పిలవడానికి ఎవరూ పోనక్కర్లేకపోయింది. కబురు విని ఆయనే గంట వాయిస్తూ గుట్ట ఎక్కాడు. బసన్న చుట్టూ విభూతి చల్లి, మారేడాకులు వేసి, మంత్రం చెప్పాడు. ఉన్నచోటనే, ఉన్నట్టే అతన్ని మళ్లీ మూశారు. మొదటి గంప మట్టి మహాదేవమ్మ పోసింది, రెండోది ఈరక్క. ప్రకాశం బూట్లు తొడుక్కుని, సమాధి ముందు నిటారుగా నిలబడి, పెట్టెల ముందు చేసినట్టే సెల్యూట్ చేశాడు.

చావిడి ముందు లారీలోకి ఏడు పెట్టెలూ ఎక్కించారు. అయినా ప్రకాశం బయలుదేరలేదు. "చావు పుట్టుకల పుస్తకం తెప్పించండి మునసబు గారూ," అన్నాడు. "గుంతలో ఎనిమిది మంది ఉండారని నేను పైకి రాయాల. ఎనిమిదోవాడు ఎవరంటే మీ పుస్తకం చూపించాల. తహశీల్దారుకు నేను చెప్పుకుంటా. మీరు రాయండి."

పుస్తకం వచ్చింది. గౌడు అరుగు మీద కూర్చుని, కళ్లజోడు పెట్టుకుని, కలం సిరాలో ముంచాడు. మహాదేవమ్మ ఎదురుగా నిలబడింది. ఆమె పక్కన ఈరక్క, చుట్టూ ఊరు. ఆమె ఈ రోజు కోసమే బతికినట్టు నిలబడింది, అందులో దాచుకోవలసిందేమీ లేదని కూడా అనుకుంది.

"పేరు బసన్న," అని గౌడు తనే పైకి చదువుతూ రాశాడు. "తండ్రి పేరు?"

"ఈరప్ప."

తేదీ ప్రకాశం తన కాగితంలో చూసి చెప్పాడు. విమానం కూలిన తేదీయే.

"కారణం... ప్రమాదం అని రాస్తా."

"కాదు," అంది మహాదేవమ్మ. "కాల్తాన్న విమానంలోంచి మనుషుల్ని లాగబోయి, అని రాయి. అందరికీ ఇనపడేటట్టు సదువుతా రాయి."

గౌడు రాశాడు. ఒక్కొక్క మాటా చదువుతూ రాశాడు. శేషన్న గోడ పక్కకు జరిగి నిలబడ్డాడు. జనంలో ఎవరో ముసలాయన, బసన్న అట్లాంటోడేలే, మొదట్నుంచీ అట్లాంటోడే, అన్నాడు. పదేళ్లలో ఆ ముక్క అన్నవాడు లేడు. మహాదేవమ్మ గుండె నిండిపోయింది. ఇంకేం అడిగినా చెప్పడానికి సిద్ధంగా ఉంది.

"వయసు?" అన్నాడు గౌడు.

"ముప్పై ఎనిమిది."

కలం కాగితానికి ఆనబోయి ఆగింది. గౌడు ప్రకాశం వైపు చూశాడు. ప్రకాశం ఆమె వైపు చూసి, మెల్లగా చెప్పాడు. "ఇప్పటి వయసు కాదమ్మా. పోయినప్పటిది చెప్పాల."

మహాదేవమ్మ నోరు తెరిచింది. అంకె రాలేదు.

చచ్చాడు, మంటల్లో బూడిదయ్యాడు, అని ఊరంతటితో పోట్లాడిన మనిషి ఆమె. ప్రతి ఉగాదికీ ఆయనకు ఒక ఏడు కలుపుకుంటూ వచ్చింది కూడా ఆమే. ముప్పై రెండయింది, ముప్పై ఐదయింది, కణతల దగ్గర నెరుస్తుంటుంది, అనుకుంది. గొర్రెలవాళ్లు గడ్డం ఉందన్న రోజు ఈరక్కను కసిరి, బావి దగ్గరికి పోయి, ఆ మొహానికి గడ్డం ఎలా ఉంటుందో చాలాసేపు అనుకుంటూ కూర్చుంది. ఈరక్క బయటికి అన్నది. ఆమె అనలేదు, అంతే తేడా. గెలిచేదాకా తనలో ఈ ఆశ ఉందని ఆమెకే తెలియదు.

ఆయన ఆమె కంటే నాలుగేళ్లు పెద్ద. ఇప్పుడు లెక్క చూస్తే ఆరేళ్లు చిన్న.

"ఎంత రాయల్ల మాదేవీ?" గౌడు మెత్తగా అడిగాడు.

"ఇరవై ఎనిమిది," అంది. అని, ఈరక్క భుజం పట్టుకుని అలాగే అరుగు కింద కూలబడింది. "ఇరవై ఎనిమిదే వొదినా, పిల్లోడు గదా, పిల్లోడు," అంటూ గొంతెత్తి ఏడ్చింది. పొద్దున మొగుడు పోయిన ఆడది ఏడ్చే ఏడుపు అది. పదేళ్లుగా ఆమె కంట తడి చూడని ఊరు కదలకుండా నిలబడిపోయింది.

గౌడు అంకె వేసి, సిరా ఆరేదాకా పుస్తకం మూయకుండా పట్టుకున్నాడు. డ్రైవరు లారీ స్టార్టు చేయబోతుంటే, కాసేపు ఆగమని ప్రకాశం చెయ్యి ఊపాడు.